మూత తీయని ఎనిమిది బొమ్మలు: పొందూరు ప్రయాణం

ఈ వ్యాసంలో నా తెలుగు పేలవంగా కనిపిస్తే పాఠకులు మన్నించాలి. నేను నలభై రెండో ఏట రాత్రిబడిలో పరీక్ష ప్యాసైనవాడిని. పగలు జూటు మిల్లు స్టోర్సులో సామాను అప్పగించి, సాయంత్రాలు పలక ముందు కూర్చుని సంధులు దిద్దుకున్నాను. భాష నాకు ఇంట్లో దొరికినది కాదు, కష్టపడి సంపాదించుకున్నది. అందుచేత ఒక్కొక్క వాక్యాన్ని రెండుసార్లు సరిచూసి, చేత్తో రాసి సభ్యుల మధ్య తిప్పే మన లిఖిత పత్రికకు ఇస్తున్నాను. మన రీడింగు రూము సభ్యులలో కెమెరాలు ఉన్నవారు నలుగురైదుగురు పొందూరు వెళ్ళి, అక్కడ సన్ననూలు వడికే తీరును ఫోటోలు తీయాలనుకుంటున్నారని తెలిసింది. వారికి దారీ, వేళలూ, ఖర్చూ చెప్పడంతోపాటు, కెమెరా లెన్సుకు పెట్టే మూత గురించి నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతిని కూడా చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

పొందూరులో మా అప్ప నారాయణమ్మ ఉంటుంది. మా వైపు అక్కను అప్ప అంటాము. తల్లి పోయిన తరువాత నన్ను పెంచింది ఆమే. రాట్నం ముందు కూర్చున్న మనిషిగా తప్ప మరొక రూపంలో ఆమెను నేను తలచుకోలేను. పోయిన కార్తీకంలో ఆమె తన కూతురు పార్వతి చేత నాకు కార్డు రాయించింది. చూపు తగ్గిందనీ, తెగిన పోగును అతికే చోటు కనపడడం లేదనీ, వచ్చే శనివారం వర్జ్యం రాకముందే రాట్నాన్ని వీధి చివరి ఇంటి కోడలికి ఇచ్చివేస్తున్నాననీ అందులో ఉంది. చివర ఒక వాక్యం: "మూడేళ్ళుగా ఫోటో తీస్తానంటున్నావు, తీస్తే ఆ పూటే తియ్యాలి." అప్ప వడుకుతున్న ఫోటో ఒక్కటి కూడా మా రెండిళ్ళలోనూ లేదు. శనివారం మిల్లుకు సెలవు పెట్టాను.

విజయనగరంలో ఉదయం ఆరు గంటల ప్యాసింజరు ఎక్కాలి. మూడో తరగతి టిక్కెట్టు రూపాయిన్నర లోపే. చీపురుపల్లిలో బండి కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, ఇడ్లీ దొరుకుతుంది. పొందూరు చేరేసరికి ఎనిమిది. కిటికీ పక్కన కూర్చుంటే ఇంజను బొగ్గునలకలు ముఖాన పడతాయి కనుక కెమెరాకు మూత అవసరం ఎంతో ఆ రెండు గంటలలో తెలుస్తుంది. నా కెమెరా అరవై ఏడులో ఒక రైల్వే గార్డు దగ్గర పాతది కొన్నాను. ఒక ఫిల్ము చుట్టకు పన్నెండు బొమ్మలు వస్తాయి. దాని మూత నల్లని రేకు మూత. లోపల ముఖమల్ గుడ్డ అతికించి ఉంటుంది, లెన్సు అంచు మీద అదిమితే పట్టుకుంటుంది. కొత్తలో గోరు విరిగేంత గట్టిగా ఉండేది. ముఖమల్ అరిగిన తరువాత బండి కుదుపుకే ఊడి ఒడిలో పడుతోంది. పైగా అంచున వేలికి పట్టు దొరికే గాడి లేదు, నలుపు కావడం వల్ల నేల మీద పడితే కనిపించదు, కెమెరాకు కట్టుకోవడానికి చిన్న చిల్లైనా లేదు. ఇంత ముఖ్యమైన వస్తువును చేసినవారు దానిని వాడే చేతిని గురించి ఆలోచించినట్టు లేదు. చీపురుపల్లి ప్లాట్‌ఫారం మీద ఇడ్లీల అవ్వను ఒక బొమ్మ తీశాను.

స్టేషను నుంచి ఊరు కొంత దూరం. జట్కాకు అర్ధ రూపాయి, అరగంట ప్రయాణం. బండివాడు నా మెడలోని కెమెరాను దారి పొడవునా గమనిస్తూనే ఉన్నాడు.

"ఆ మూతేటి బాబూ దానికి? మా గుర్రం గంతల్లాగున్నాది."

"దుమ్ము పడకుండా" అన్నాను.

"గంతలెట్టినా గుర్రం నడుస్తాది బాబూ, దారి నాను సూస్తాను గనక. దీనికి దారి మీరు సూస్తారేటి?"

"అంతే" అన్నాను గంభీరంగా. అతను దిగి గుర్రం పక్కన నిలబడితే రెండో బొమ్మ తీశాను. అతను గుర్రాన్నే తీయమన్నాడు, తను నలిగిన చొక్కాతో ఉన్నాడట.

ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాను. అప్ప చోడి, అంటే రాగి, అంబలి ముంత చేతిలో పెట్టి, "ఏటిరా, సిక్కిపోనావు. మిల్లోళ్ళు తిండెట్టరేటి?" అంది. బావ గురువులు అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. బావ చిన్నతనంలో రెండేళ్ళపాటు బొబ్బిలి వైపు ఊరూరా తిరిగే ఒక ఫోటోగ్రాఫరు వెంట మూడుకాళ్ళ స్టాండు మోశాడు. ఆ సంగతి మా కుటుంబంలో అందరికీ కంఠస్థం. ఆ కాలపు కెమెరాలలో మూతే సర్వస్వం. ఫోటోగ్రాఫరు మూత తీసి, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, మళ్ళీ మూత పెడితే బొమ్మ పడినట్టు. మూత వేయడం ఆలస్యమైతే బొమ్మ మాడిపోతుంది. బావ నా కెమెరా చుట్టూ తిరిగి, "ఒరే బావా, దీనికి లెక్కెంత పెడతావు? మూడా, అయిదా?" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన తప్పును దాచను. "బావా, ఇది ఇప్పటి పరికరం. దీని పని దీనికి తెలుసు. నువ్వు పక్కన కూర్చో, చాలు" అన్నాను. అతను వడికే గదిలో ముక్కాలిపీట పక్కన కూర్చున్నాడు.

వడికే గది చీకటిగా ఉంటుంది. వెళ్ళేవారు ఇది గుర్తుంచుకోవాలి. చేత్తో పట్టుకుని తీస్తే బొమ్మ కదులుతుంది. అందుకని ముక్కాలిపీట మీద కుంచం బోర్లించి, దాని మీద కెమెరా పెట్టి, మూత తీసి పీట అంచున ఉంచాను. అప్ప ముందు దూదిని దువ్వింది. పొందూరులో దూదిని దువ్వేది వాలుగ చేప దవడతో. సన్నని పళ్ళు వరుసగా ఉన్న ఆ దవడతో గింజకు అంటుకుని ఉన్న పింజను దువ్వితే పట్టులాగా మెరుస్తుంది. అది మూడో బొమ్మ. గది నిండా దూది నలకలు లేచాయి. తరువాత ఆమె దువ్విన దూదితో చేసిన ఏకును ఎండిన అరటిదొప్పలో చుట్టి ఎడమచేత పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పసాగింది. ఎడమచెయ్యి భుజం దాటి పైకి పోతూ ఉంటే, లేనట్టే ఉన్న పోగు కదురు నుంచి సాగుతుంది.

నేను ఒక్కో బొమ్మకూ మధ్య లేచి తలుపు రెక్క జరిపాను, వెలుగు కోసం పార్వతి చేత తెల్లచీర పట్టించాను, వెనక్కి వచ్చి కెమెరా వీపున ఉన్న ఎర్రగాజులో అంకె కనిపించేదాకా చుట్ట తిప్పి, చూసే గాజులో అప్పను సరిగ్గా నిలిపి మీట నొక్కాను. ఎనిమిది బొమ్మలు. చూసే గాజులో అప్ప ఎంత స్పష్టంగా కనిపించిందో చెప్పలేను. ముక్కుపుడక మీది మెరుపు కూడా కనిపించింది.

పదకొండు గంటలకు చివరి నూలు చిలప చుట్టడం అయింది. అప్ప రాట్నానికి బొట్టు పెట్టి, చక్రానికీ కదురుకూ మధ్య ఉన్న తాడు విప్పి, కళ్ళకు అద్దుకుంది. వీధి చివరి ఇంటివారు ఇద్దరు వచ్చి రాట్నాన్ని ఎత్తుకుని వెళ్ళారు. నేను కెమెరా సర్దుకుందామని మూత కోసం పీట అంచున చెయ్యి పెట్టాను. లేదు. నేల మీద తడిమాను. జేబులు చూశాను.

"ఏటి ఎతుకుతున్నావురా?" అంది అప్ప.

"మూత."

పార్వతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దాని మొకానికే ఉన్నాది మావా."

ముందుకు వచ్చి చూశాను. మూత లెన్సు మీదే ఉంది.

"నానే ఎట్టినాను" అన్నాడు బావ తాపీగా. "నువ్వు దువ్వీ బొమ్మ తీసి తలుపు కాడికెల్నావు. దూది పడతన్నాది, ఎలుతురు లోపలికి పోతన్నాది. మూత ఎయ్యనేదని ఎట్టినాను."

"మరి నేను అలాగే నొక్కుతూ ఉంటే చెప్పలేదేం?"

"దీని పని దీనికి తెలుసన్నావు కదేటి. కొత్త మిసను గదా, మూత మీంచే తీస్తాది కాబోలనుకున్నాను. సదువుకున్నోడివి, నాను సెప్పీదేటి?"

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. నేను వీధిలోకి వెళ్ళాను. రాట్నం ఇంకా సందు మలుపు దాటలేదు. "ఒక్క నిమిషం వెనక్కి తెమ్మంటాను, అప్పా" అన్నాను.

"తేకు" అంది. "ఇప్పిన తాడు ఈ ఇంట మల్లీ కట్టకూడదు. ఇచ్చీసినానంటే ఇచ్చీసినట్టే."

"ఒక్క బొమ్మ కోసం."

"నీ బొమ్మ కోసం ఆ కోడలి సేతిలోది లాక్కుంతానా?"

ఆమె గొంతులో కోపం లేదు, కానీ ఆ గొంతు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. దాని మీద అప్పీలు ఉండదు. ఎర్రగాజులో చూశాను. ఇంక ఒక్క బొమ్మకే చోటుంది. వడుకుతున్న అప్ప ఒక్క దానిలోనూ లేదు, ఇక ఉండదు. ఇరవై ఏళ్ళుగా స్టోర్సులో ఏ వస్తువూ సరిచూడకుండా చేతులు మారనివ్వని నేను, నా ముందున్న వస్తువు ముఖాన్ని రెండు గంటలపాటు చూడలేదు. అరుగు మీద కూర్చుని, అంతవరకూ ఎన్నడూ అడగని మాట అడిగాను.

"బావా, ఇంక ఒక్క బొమ్మే మిగిలింది. ఇప్పుడేం చెయ్యమంటావు?"

బావ కాలుస్తున్న చుట్ట ఆర్పాడు. "ఒకటి మిగిలిందన్నావు గదా. మీ అప్పని ఆ రాట్నం కాడి సాప మీదే కూకోబెట్టి తియ్యి."

"ఉత్త సేతుల్తోనా?" అప్ప నవ్వింది. "సూసినోళ్ళు పిచ్చిదనుకుంతారు."

"నలబై ఏల్లు తిప్పినావు, సెయ్యి మరిసిపోద్దేటే? కూకో."

ఆమె గొణుగుతూనే కూర్చుంది. ఎదుట రాట్నం లేదు. నేల మీద దాని కాళ్ళ గుర్తులు మాత్రం నున్నగా ఉన్నాయి. కుడిచెయ్యి తనంతట తాను లేని చక్రాన్ని పట్టుకుంది, ఎడమచెయ్యి మెల్లగా భుజం దాటి పైకి వెళ్ళింది. నేను మూత తీసి బావ చేతిలో పెట్టి, నాకు కనిపించేలా ఎత్తి పట్టుకోమన్నాను. అతను ఎత్తి పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. మూడు దగ్గర మీట నొక్కాను. నాలుగు గంటల ప్యాసింజరుకు తిరిగి వచ్చేశాను.

విజయనగరం స్టూడియోలో ఫిల్ము కడిగితే ఎనిమిది గళ్ళు నీళ్ళలాగా ఖాళీగా వచ్చాయి. వాటిని వెలుగుకు పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఫౌంటెన్ పెన్నుకు మూత ఉంటే అది రాయదు, రాసేవాడికి ఆ క్షణమే తెలుస్తుంది. కుండకు మూత ఉంటే గరిట తగులుతుంది. లెన్సు మూత అలా కాదు. అది ఉన్నా మీట చప్పుడు చేస్తుంది, అంకె మారుతుంది, లెన్సుతో సంబంధం లేని చూసే గాజులో మనిషి నవ్వుతూనే ఉంటుంది. తప్పు జరుగుతోందని పరికరంలోని ఏ భాగమూ చెప్పదు. స్టూడియో యజమాని తన రెండు కళ్ళ కెమెరాను చూపించాడు. దానికి చూసే లెన్సూ, బొమ్మ పట్టే లెన్సూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి, రెంటినీ కప్పే జంట మూత ఒకటే. మూత తీయకపోతే చూసేవాడికీ చీకటే. దానిని చేసినవాడు మనుషులు మరచిపోతారని ముందే ఒప్పుకుని మూత చేశాడు. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం అది. నేను పక్కవాడి నోటికి మూత పెట్టి పని మొదలుపెట్టాను. నా కెమెరా చెప్పలేని సంగతిని చెప్పగల మనిషి జానెడు దూరంలోనే కూర్చుని ఉన్నాడు.

ఆ ఒక్క బొమ్మ అచ్చు వేయించి మరుసటి వారం తీసుకువెళ్ళాను. అప్ప దానిని కంటికి ఆనించుకుని, తలుపు దగ్గరకు వెళ్ళి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. రాట్నం లేదని గాని, పోగు లేదని గాని అనలేదు. ఎడమచేతి మీద వేలు పెట్టి, "ఎత్తు సరిగ్గానే ఉన్నాది. ఈ ఎత్తులో సెయ్యుంటే పోగు తెగదు" అంది. ఫోటో ఇప్పుడు ఆ గదిలోనే, చాప పైన గోడకు ఉంది.

పొందూరు వెళ్ళేవారికి ఒక్క సలహా. మీట నొక్కేముందు ప్రతిసారీ ఎడమచేతి చూపుడువేలితో లెన్సు అంచును ఒకసారి తడమండి. వేలికి గాజు చుట్టూ ఉన్న పల్లం తగిలితే నొక్కండి, రేకు తగిలితే ఆగండి. మూతను జేబులో దాచకుండా, పక్కనున్న వారిని అడిగి వారి చేతికి ఇవ్వండి.

ఈ ప్రతిని నా తరువాత కెమెరా ఉన్న సభ్యులు ముందుగా చదవాలి. తరువాత స్టూడియో యజమానికి అందజేయాలి. ఆయన చదివాక దీనిని తపాలాలో పొందూరుకు పంపవలసిందిగా కార్యదర్శిని కోరుతున్నాను. మా బావకు చదవడం రాదు కనుక పార్వతి అతనికి మొత్తం చదివి వినిపించాలి. "దీని పని దీనికి తెలుసు" అని నేనన్న చోటును దాటవేయకూడదు.