నేను బిగించిన అడుగు ప్లేటు

పన్నెండేళ్లుగా గుప్పెడు కాలిన గడ్డి మోస్తున్నాను. దాని బరువెంతో ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

బెజవాడ పటమటలో నాకో షెడ్డు ఉండేది. ఇంజనుకూ గేరుబాక్సుకూ దెబ్బ తగలకుండా జీపుల అడుగున ఇనప ప్లేట్లు బిగించేవాణ్ణి. ఐదొందల జీపులకు బిగించానని మనవలకు చెబుతుంటాను. అంత లేదు. నలభై ఉంటాయేమో. సరే, ముప్పై. కోతలకు అలవాటు పడ్డ నోరు. ఆ నోరే ఈ పనీ చేసింది.

పామర్రు వైపు నుంచి ఒక రైతు కొత్త ఫోర్‌వీల్ జీపు తెచ్చాడు. తోలుకొచ్చింది అతని డ్రైవరు నాంచారయ్య. వరికోత మిషనుకు డీజిలు పట్టుకుని నేరుగా చేలోకి దిగాలి, గట్లు ఎక్కాలి. అల్యూమినియం మేలా, ఇనుము మేలా అని రైతు అడిగాడు. ఇనుమేనండీ, వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు అన్నాను. అంతవరకూ నిజమే చెప్పాను. కానీ మన చేలల్లో రాళ్లెక్కడివి? ఇక్కడ భయపడాల్సింది బురదకూ గడ్డికీ. సైలెన్సరు పైపు కింద ప్లేటుకు కిటికీలు కోయాలి, చిక్కుకున్న గడ్డి రాలిపోవడానికి. లేకపోతే వేడి పైపును ఆనుకుని ఎండి ఎండి అంటుకుంటుంది. ఇది నాకు తెలుసు. తెలియక చేసుంటే ఈ రాత అవసరమే లేదు.

మరెందుకు కోయలేదు? టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ అనేశాను, నేను బిగిస్తే చీమ కూడా దూరదని. రైతు మురిసిపోయాడు. ఆ మాటన్నాక బొక్కలు పెట్టడానికి చేతులు రాలేదు. ముందు నుంచి వెనక్కి కిటికీల్లేని ఒకే ప్లేటు బిగించి, నల్లరంగు కొట్టి పంపించాను.

ఆ వరికోతల్లోనే జీపు చేలో తగలబడింది. నాంచారయ్య దూకి బతికాడు. బండిని లారీ మీద నా షెడ్డుకే వేసుకొచ్చారు. నేను కిందికి దూరి చూశాను. ప్లేటుకూ పైపుకూ మధ్య నల్లగా గడ్డి, పిట్టగూడులా. దాన్ని లాగి జేబులో కుక్కుకున్నాను. బయటికొచ్చేసరికి ఎదురుగా రైతు, పక్కన నాంచారయ్య. అతని చొక్కా జేబులో బీడీ కట్ట.

"ఎలా అంటుకుందంటారు మేస్త్రీ గారూ?" అన్నాడు రైతు.

"మీ డ్రైవరు బీడీ కాలుస్తాడాండీ?" అన్నాను.

అంతే. అబద్ధం కూడా కాదు చూడండి, ఉత్త ప్రశ్న.

"దిగి కాల్చానండీ. ఆర్పే పడేశాను" అన్నాడు నాంచారయ్య. కాలిన జీపు వంక చూసి, "ఆర్పాననే అనుకుంటున్నానండీ" అన్నాడు.

ఆ రెండో మాట దగ్గరైనా నేను నోరు తెరవాల్సింది. నా కళ్లముందే ఒక మనిషి తనను తాను నమ్మడం మానేస్తున్నాడు. నేనేమో చేతుల మసి తుడుచుకుంటున్నాను.

రైతు అతన్ని పన్లోంచి తీసేశాడు. చుట్టుపక్కల ఇంకెవరూ స్టీరింగు ఇవ్వలేదు. నేను మాత్రం ఆ తర్వాత బిగించిన ప్రతి ప్లేటుకూ కిటికీలు కోశాను. ఎవరైనా ఇవేమిటని అడిగితే, నేను కనిపెట్టిందేనని చెప్పుకున్నాను. మెచ్చుకునేవాళ్లు. సిగ్గు లేకుండా పుచ్చుకున్నాను.

కిందటేడు ఉయ్యూరులో, చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మీద నాంచారయ్య కనిపించాడు. చెరకు బళ్లకు లోడెత్తుతున్నాడు. నన్ను గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు. బీడీ ఆ రోజే మానేశాట్ట. నా బీడీ వల్ల ఆసామి బండి కాలిపోయిందిరా, ఈ మేస్త్రీ గారే అప్పుడు చూసింది అని పక్కవాడికి చెప్పాడు. సాక్ష్యానికన్నట్టు నా వంక చూశాడు.

నేను తలూపాను.

ఎందుకు ఊపాను? ఈ వయసులో నన్నెవరేం చేస్తారు? ఇప్పుడు నిజం చెబితే పోయిన ఇన్నేళ్లనూ అతనేం చేసుకుంటాడని జాలిపడ్డాననుకుందామా? అదీ కోతే. పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకోవడం. నా మోకాళ్ల నొప్పులు అప్పటినుంచీ గుర్తుపెట్టుకుని, ఎలా ఉన్నాయండీ అని అడిగాడు. తగ్గాయని చెప్పి బస్సెక్కాను.

అతనికి ఇప్పటికీ చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వలేను, నా మాటల సంగతి చూశారుగా. ఒక్కటి మాత్రం రాయగలను. నాంచారయ్య బీడీ ఆర్పాడు. ఆర్పే పడేశాడు. జీపును కాల్చింది నేను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.