చెట్టులో లేని చెల్లెలు

ఒక అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా అన్నకు పేగుల్లో పుండ్లు పడే దీర్ఘవ్యాధి. వంశంలో ఇంకెవరికి ఉందో రాసుకు రమ్మన్నాడు డాక్టరు. తేదీ వేయనిదే కిరాణా చీటీ కూడా దాచని మనిషిని నేను. మా వంశవృక్షానికి నకలు తీసి, తాత, నాన్న, అన్న పేర్ల పక్కన ఎర్రసిరాతో గుర్తులు పెట్టి తీసుకువెళ్ళాను. ఆడవాళ్ళ సంగతేమిటని అడిగాడాయన. మా ఇంట్లో ఇది మగవాళ్ళకే వస్తుందని చెప్పాను.

వంశవృక్షంలో ఆడవాళ్ళను రాయరు. లేని పేరుకు గుర్తెక్కడ పెట్టను?

అన్న సంచీ పట్టుకుని మా చెల్లెలు సరసు నా వెనకే నిలబడి అంతా విన్నది. అరియాంకుప్పం బస్సు కోసం చూస్తున్నప్పుడు నవ్వుతూనే అడిగింది.

"ఏందన్నా, నన్ను యాడ రాసినావు? దొడ్డికి పోతే నాకూ రక్తం పడతా ఉండాదని నీకు చెప్తిని గదా."

"అది మీ ఆడోళ్ళ కడుపునొప్పి. పెండ్లయి పోయినదానివి, నువ్వు మన చెట్టులో రావు."

"చెట్టులో రాకుంటే పోనీలే. పేగులు మన నాయనవే గదన్నా!"

మా ఇళ్ళలో ఆడది కడుపునొప్పి అంటే నెలసరి అనుకుని మగవాడు మొహం తిప్పుకోవాలి. అది మర్యాద. నేను ఆ మర్యాద చాటున దాక్కున్నాను. నాకు నిజంగా అర్థం కాలేదా? నెలసరి ఎప్పుడో ఆగిపోయిన మనిషికి నెలనొప్పి ఏమిటి? అర్థమైంది. కాని మగవాళ్ళ జబ్బన్న నా సూత్రం ఎంత పొందికగా కుదిరిందంటే, తోడబుట్టినదాని కోసం దాన్ని చెరుపుకోవడానికి నాకు చేతులు రాలేదు.

పేగు చిల్లుపడ్డాకే సరసు ఆసుపత్రికి చేరింది. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని డాక్టరమ్మ మండిపడింది. వారసత్వపు ముప్పులో ఆడా మగా మధ్య తేడాలు ఉంటే ఉండవచ్చునట. ఆడవాళ్ళను వదిలిపెట్టే జబ్బు మాత్రం కాదట. ఈమె మాకెప్పుడూ చెప్పలేదమ్మా అన్నాను. ముక్కులో గొట్టంతో పడుకున్న సరసు కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది.

సరసు ఇంటికి తిరిగి రాలేదు.

నోరులేనిది, నొప్పి దాచుకుని పోయిందని ఇప్పటికీ బంధువులు జాలిపడతారు. నేనూ తల ఊపుతాను. ఆడవాళ్ళ పేర్లు రాయని పూర్వులను తిట్టుకుంటాను. కలం నా చేతిలోనే ఉండగా వాళ్ళను తిట్టడం దేనికి?

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేదు. ఊపిరి ఆడటానికి ఈ ఒక్క మాట బయటపెడుతున్నాను. సరసు నోరులేనిది కాదు. చెప్పింది. నాకే చెప్పింది.