వార్తలమ్మకు నమస్కారం

ఏడో తరగతిలో నేను బడి మానేశాను. నాకంటే బడే ఎక్కువ సంతోషించింది.

నిన్న మా పాప బోర్లా పడుకుని ఫోన్ చూస్తుంటే, బొమ్మనహళ్ళి ఇంట్లో మా పాత టీవీ గుర్తొచ్చింది. అమ్మ గార్మెంట్స్ పనికి వెళ్తూ, బడి మానేసి ఇంట్లో ఉన్న నాతో, "వార్తలు చదివే ఆయమ్మకు మనిల్లంతా కనిపిస్తాది. పిచ్చి సినిమాలు చూస్తివా, నాకు చెప్పేస్తాది" అనేది. నమ్మేశాను. చొక్కా లేకుండా టీవీ ముందుకు వెళ్ళేవాణ్ణి కాదు. ఆమె నమస్కారం పెడితే లేచి నిలబడి తిరిగి పెట్టేవాణ్ణి.

పగలంతా ఇంట్లో లేని అమ్మకు అంతకంటే మంచి కాపలా ఎక్కడ దొరుకుతుంది!

అదే మంత్రం ధీమాగా పాప మీద వేశాను. "ఫోన్లో వాళ్ళు నిన్ను చూస్తా ఉండారు పాపా!"

అది తలెత్తకుండానే అంది: "తెలుసప్పా. అందుకే కెమెరా మీద అమ్మ బొట్టుబిళ్ళ అంటించేసినా."