లిఫ్ట్ లేదని ముందే చెప్పు

"మేడం, టీచరమ్మ పొద్దున లేవలే. జెర జల్దీ రండి." లాలాగూడ నుంచి టీచర్ పక్క ఫ్లాటావిడ ఫోన్. ఏ.ఎస్. రావు నగర్‌లో మా వంటింట్లో కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎనిమిదో తరగతిలో నాకు ఇంగ్లీషు నేర్పిన మనిషి పోయారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు ముందుగా తోచింది, ఇప్పుడా మూడంతస్తులు ఎక్కాలి కదా అని.

మెట్ల సంగతి చెప్పాలంటే ఇటలీ నుంచి మొదలుపెట్టాలి. నవ్వకండి. అక్కడేదో చిన్న ఊళ్లో, పాతకాలపు మేడలో పై వాటాను సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తారు. వాళ్లడిగే ప్రశ్నలకు ఇక్కడ కూర్చుని జవాబులు రాయడం నా ఉద్యోగం. పని పెరిగాక, రిటైరై ఒంటరిగా ఉంటున్న టీచర్ని సాయం అడిగాను. ఆ ఇల్లు ఆవిడ చూసింది ఫోటోల్లోనే. అయినా ఏ కిటికీ గొళ్లెం బిగుసుకుంటుందో, ఏ కుళాయిలో వేడినీళ్లు ఆలస్యంగా వస్తాయో ఓనర్ని తరిచి తరిచి అడిగి తెలుసుకున్నారు. ఎవరికి రాసినా మొదటి వాక్యం ఒకటే: మెట్లు డెబ్బై రెండు, లిఫ్ట్ లేదు.

బుకింగులు తగ్గుతున్నాయని ఓనర్ గొణిగాడు. ఆ వాక్యం తీసేయమన్నాను.

"తియ్యను. పిలిచేది మనం, ఎక్కేది వాళ్లు. లిఫ్ట్ లేదని ముందే చెప్పు," అన్నారు.

ఆవిడకు చెప్పకుండా నేనే తీసేశాను.

నెల తిరక్కుండా ఒక ముసలాయన సగం మెట్లెక్కి, ఆయాసంతో తన పెట్టె మీదే కూలబడ్డాడు. ఆయన భార్య తిట్టలేదు. ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం రాసింది. క్షమాపణ రాసిపెట్టమని టీచర్ని బతిమాలాను. "తప్పు నీది, నువ్వే రాయి. స్పెల్లింగులు నేను చూస్తా." మూడుసార్లు తిప్పి పంపారు. తరువాత ఓనర్ వెంటపడి ఆ మెట్ల మలుపులో ఒక కుర్చీ వేయించారు. దాని ఫోటో వచ్చిన రోజు ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు.

అలాంటి మనిషి ఇంటికి నేను ఎక్కింది ఒక్కసారి, ఎప్పుడో. ప్రతి క్రిస్మస్‌కీ కిందనుంచే హారన్ కొట్టేదాన్ని. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్టలో కేకు, గులాబీ పువ్వుల పిండివంట దిగేవి.

"పైకి రావే, ఐదు నిమిషాలు!"

"మోకాళ్లు టీచర్, ఇంకోసారి!"

ఖాళీ బుట్ట మెల్లగా పైకి పోయేది.

ఫోన్ వచ్చిన ఆ రోజు ఎక్కాను. రెండో అంతస్తు మలుపులో ఊపిరందక ఆగితే, గోడవారన ఒక చెక్క కుర్చీ, దాని మీద ఉతికిన తొడుగుతో దిండు. కూలబడ్డాను. పక్క ఫ్లాటావిడ ఎదురొచ్చింది.

"అది మీ కోసమే మేడం. ఏడాదయితుంది ఈ కుర్చీ ఈడ ఏసి. 'నా స్టూడెంటుకు మోకాళ్ల నొప్పులు, నడుమ కూసుంటది' అన్నరు. దినాం తుడిచేటోళ్లు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్తే రాక తప్పదని వస్తది, వద్దన్నరు."

మర్నాడు చర్చి వాళ్లు శవపేటిక దించుతుంటే ఆ మలుపులో తిరగలేదు. "ఆ కుర్చీ తియ్యండమ్మా," అన్నారెవరో. కుర్చీని ఎత్తి పొట్టకు ఆనించుకుని, గోడకు అతుక్కుని నిలబడ్డాను. టీచర్ నా పక్కనుంచే కిందికి దిగిపోయారు.