శనక్కాయ పొట్టు

నిన్న మైదుకూరు బస్టాండులో ఒకామె వేయించిన శనక్కాయ విత్తనాలను చేటలో నలిపి పొట్టు ఊదింది. ఎర్రటి పొట్టు ఎగిరొచ్చి నా చీర మీద వాలింది. ఆ కమ్మటి మాడు వాసనకు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. కాశింబీ గుర్తొచ్చింది.

నేను మొదట ఉద్యోగం చేసిన పల్లె బడిలో కాశింబీ ఆయా. చదువుకున్నది లేదు. కానీ మాటలు సరిగా రాని పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాళ్ళ అరచేతిలో ఈ పొట్టే పోసి, "ఊదు నాయనా, ఫూ అను, ఎగిరిపోవల్ల" అనేది. ఊదగా ఊదగా పెదాలకు పట్టు చిక్కేది. "ఫూ" కాస్తా "పా" అయ్యేది, "పా" ఎప్పటికో "పాలు" అయ్యేది. ఒక్కో మాటకు నెలలు పట్టేవి. నాకు నవ్వొచ్చేది. ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, నా పొగరుకు పట్టపగ్గాలు లేవు.

ఆ ఏడు ఒకటో తరగతిలో రమీజా చేరింది. వాళ్ళమ్మ ఇళ్ళల్లో పనికని కువైట్ వెళ్ళింది. వెళ్ళిన రోజు నుంచి పిల్ల నోరు విప్పలేదు. ప్రతి శుక్రవారం తల్లి ఫోన్ చేసేది. పిల్లను సాకుతున్న అవ్వ ఫోన్ చెవి దగ్గర పెడితే పిల్ల గుడ్లప్పగించి చూసేది. అవతల ఆ తల్లి "ఒక్క మాట, ఒక్క మాట మాట్లాడమ్మా" అని ఏడ్చేదట. అవ్వ వచ్చి కాశింబీని బతిమాలుకుంది.

"నాదేముండాది అక్కా, మాట ఆ పిల్ల గొంతులోనే ఉండాది. తొందర పెట్టొద్దు, దానంతటదే వస్తాది" అంది కాశింబీ.

చలికాలమంతా ఇద్దరూ పొట్టు ఊదారు. "ఫూ" వచ్చింది. "పా" వచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, నేను హాజరుపట్టీ రాసుకుంటుంటే రమీజా నా దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుంది. సన్నగా, స్పష్టంగా అడిగింది.

"మా యమ్మ యాడుండాది?"

పళ్ళేలు కడుగుతున్న కాశింబీ చేతులు ఆగిపోయాయి. నేనేం చేశానో తెలుసా? దిద్దాను! "అలా అనకూడదు. మా అమ్మ ఎక్కడ ఉంది, అనాలి. ఏదీ, అను." పిల్ల నా ముఖంలోకి చూసింది. కొంగు వదిలేసింది. అను, అను అని నేను గద్దించిన కొద్దీ పెదాలు బిగుసుకుపోయాయి.

మరునాడు ఫోన్ వచ్చింది. పిల్ల మాట్లాడలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ లేదు. ఎండలు ముదరకముందే అవ్వ దాన్ని బద్వేలులో మేనమామ ఇంటికి తీసుకుపోయింది. తర్వాత మాట్లాడిందో లేదో నాకు తెలియదు.

కాశింబీ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నేనే ఉండబట్టలేక, "తప్పు దిద్దొద్దా కాశింబీ?" అని అడిగాను.

"దిద్దు మేడం, ఎవరొద్దన్నారు? తప్పు యాడికి పోతాది, ఈడనే పడుంటాది, రేపైనా దిద్దొచ్చు. పిల్ల వాళ్ళమ్మని అడిగె. నువ్వు తెలుగు చెప్తివి."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నిజమే. కాశింబీ చనిపోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నా తరగతిలో ఎవరు ఏ యాసలో అడిగినా ముందు జవాబు చెప్తాను. ఒక్కోసారి దిద్దడమే మరచిపోతాను. కానీ ఆ ఒక్క జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. నిన్న చీర మీది పొట్టును అరచేతిలోకి తీసుకుని ఊదాను. పైకే అన్నట్టున్నాను, శనక్కాయలామె తలెత్తి చూసింది.

"కువైట్‌లో ఉండాది తల్లీ. వస్తాది."