సందు వైపు గోడ

గంగన్నకు నేనంటే గిట్టేది కాదు. నాకూ అతనంటే అంతే. 1994 ఎండాకాలంలో, గల్ఫ్‌లో, ముహర్రక్ పాత బస్తీలో ఒకే ఇంటి మీద ఐదు నెలలు పనిచేశాం. ఒక్క పూటైనా మంచిగా మాట్లాడుకున్న గుర్తు లేదు.

అతనిది కోరుట్ల దగ్గర పల్లె. పదకొండేళ్లుగా ముహర్రక్‌లో మేస్త్రీ. సముద్రపు రాయీ జిప్సమూ కలిపి కట్టిన పాత ఇళ్లు మరమ్మతు చేసీ చేసీ వేళ్ల చివర్లు తెల్లగా పగిలి ఉండేవి. నేను భీమవరంలో ఫిజిక్సు చదివి, డ్రాఫ్టింగు నేర్చుకుని, గల్ఫ్ వచ్చి ఒక చిన్న ఆఫీసులో ప్లాన్లు గీసేవాణ్ణి. భార్య, ఎనిమిది నెలల పాప అప్పుడే ఫ్యామిలీ వీసా మీద వచ్చారు. పాపకు డబ్బా పాలే. నా ఉద్యోగం పోతే ముగ్గురం ఒకే విమానం ఎక్కాలి.

ఇంటి యజమాని ఖలీల్ అమెరికాలో చదువుకున్నాడు. అక్కడ చూసినటువంటి ఇల్లు కావాలన్నాడు. ఒకటే అంతస్తు, పొడవుగా, చదును కప్పు, సందు వైపు నిలువెత్తు అద్దాలు. కూలిన తాతల ఇంటి రాళ్లే వాడాలి, ఏసీ తక్కువ నడవాలి. చూరు ఎంత ముందుకొస్తే అద్దం మీద ఎంత నీడ పడుతుందో గంటల వారీగా లెక్క కట్టి మురిసిపోయాను.

గంగన్న ప్లాను చూశాడు.

"సారూ, గీ అద్దం ఎవలి కోసం?"

"గాలీ వెలుతురూ రావడానికి."

"ఎదురింటోళ్ల దర్వాజ గీడనే ఉన్నది. ఆళ్ల ఆడోళ్లు బయటకొస్తే నీ అద్దంలకెళ్లి కనవడ్తరు. ఈ బస్తీల గట్ల ఎవలన్న కడ్తరా?"

"పరదా వేసుకుంటార్లే."

"పరదేసినంక ఇంకేం గాలి, ఇంకేం ఎలుతురు? నీ సదువుల గిది రాలేదా?"

కూలీలు నవ్వారు. మర్నాడు అతను నాలుగు తువ్వాళ్లు తడిపి నాలుగు వైపులా కట్టాడు. అక్కడి ఆగస్టు ఉక్క. సందు వైపు మనిషి తలకంటే ఎత్తున కట్టినది ముందు ఆరింది; గాలి అటునుంచే వస్తోంది. మిగతావి మధ్యాహ్నానికి కూడా తడిగానే ఉన్నాయి. అక్కడ పైన వరసగా సన్నటి కంతలు వదిలితే చాలనీ, అద్దాలు లోపలి వాకిట్లోకి తిప్పాలనీ అతని వాదం. అది సరైనదని నాకు అర్థమైంది. అందుకే ఒళ్లు మండింది.

"సరే, కట్టుకో. నా తల తినకు," అన్నాను.

కట్టాడు. పాపకు జ్వరమని వారం రోజులు నేను సైటుకు వెళ్లలేదు. వెళ్లేసరికి ఖలీల్, గంగన్నకు వీసా ఇచ్చిన కఫీల్ ఆ గోడ ముందు నిలబడి ఉన్నారు. అద్దాలేవని కఫీల్ హిందీలో అరుస్తున్నాడు.

"సారే కట్టమన్నడు," అంటూ గంగన్న నన్ను చూపించాడు.

ప్లాను నా చేతిలోనే ఉంది. విప్పాను. "ఇందులో అద్దాలే ఉన్నాయి. నేను చెప్పలేదు."

గంగన్న తాపీ కిందపడేశాడు. "నీ నోట్ల మన్ను వడ," అన్నాడు తెలుగులో, వాళ్లిద్దరికీ అర్థం కాకుండా.

"ఖలాస్," అన్నాడు కఫీల్. వీసా క్యాన్సిల్.

మూడో రోజు గోడ పగలగొట్టడానికి మనుషులొచ్చారు. ఆ చప్పుడుకు ఎదురింటి ముసలాయన బయటికొచ్చి ఖలీల్ చేయి పట్టుకున్నాడు. మా గడప వైపు కిటికీ పెట్టకుండా మర్యాద నిలిపావు, ఇప్పుడెందుకు తీస్తావన్నాడు. గోడ ఉండిపోయింది. ఉన్నది ఉన్నట్టు ప్లాను మార్చమన్నారు. మార్చి కింద నా పేరు రాశాను. గంగన్న మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అతను వెళ్లే రోజు కూలీల క్యాంపుకు పాలపొడి డబ్బా పట్టుకెళ్లాను. ఊరెళ్లేవాళ్లంతా తీసుకెళ్లేదే. అతను అట్టపెట్టెకు తాడు కడుతున్నాడు.

"పిల్లలకు," అన్నాను.

"నా పిల్లలు నీ పాలు తాగరు. నీ బిడ్డకే తాపు. ఆ బిడ్డ కోసమే గద అబద్ధమాడినవ్." పంటితో ముడి బిగించి, తలెత్తకుండానే అడిగాడు. "గోడ ఉంచిన్రట?"

"ఉంచారు."

"కాయితం మీద ఎవలి పేరు రాసినవ్?"

డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"నడువ్ ఇంక," అన్నాడు.

డబ్బా వెనక్కి తెచ్చాను. ఆ నెల పాపకు అదే కలిపాం.