మరిది తొక్కించిన నిమ్మకాయలు

తొండియార్‌పేటలో పరిమళ కారుకు ఆనుకుని నిలబడాలంటే ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు. టైరు మీద ఉమ్మినవాడి చేతికి బకెట్టిచ్చి, నాలుగు చక్రాలూ వాడి చేతనే కడిగించిన మనిషి ఆమె. ఆ వీధిలో ఆమెను ప్రేమించేవాళ్ళు లేరు. ఆమెకు వాళ్ళతో పనీ లేదు.

భర్త శివరామ్ అద్దెకారు నడిపేవాడు. అతను పోయి కర్మ కూడా కాకముందే అతని తమ్ముడు భక్తవత్సలం కారు కొనేవాణ్ణి ఇంటి ముందుకు తెచ్చి నిలబెట్టాడు. పరిమళ లోపలి నుంచి వచ్చి, బేరగాడి చేతిలోంచి తాళంచెవి లాక్కుని, "కారు నేనే తోలతా" అంది. అప్పటికి ఆమెకు స్టీరింగు పట్టుకోవడం కూడా రాదు. భక్తవత్సలం పగలబడి నవ్వాడు. డ్రైవింగు నేర్చుకున్నన్నాళ్ళూ క్లచ్చు తొక్కిన ప్రతిసారీ పరిమళ ఆ మొహాన్నే తొక్కింది.

ఇప్పుడు పొద్దున్నే వీధి పిల్లల్ని బడికి దింపుతుంది, ఆ తర్వాత మనలి కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ళను. ఇల్లు గడిచేది ఆ కారు మీదే. ఒక్క తప్పు మాత్రం జరిగిపోయింది. చావు మంచం మీదున్న అత్త, "ఆపదకు ఇంట్లో మగోడొకడు ఉండాల గదే" అని రెండో తాళంచెవి భక్తవత్సలానికి ఇప్పించింది. చచ్చిపోయే మనిషితో పోట్లాడలేక పరిమళ ఇచ్చింది. పక్క వాటాలో ఉండే మరిది దాన్ని మొలకు కట్టుకుని, కారు తనదే అన్నట్టు తిరుగుతున్నాడు.

ఈసారి పెద్దవాన వస్తుందని చెప్పగానే ఊళ్ళో వాళ్ళందరిలాగే పరిమళ కూడా కారును తీసుకెళ్ళి మేంబాలం మీద, అంటే ఫ్లైఓవరు మీద పెట్టింది. మధ్యలో వాన కాస్త తెరిపిచ్చింది. భక్తవత్సలానికి అదే చాలు. అడగకుండా కారు తీసుకుని స్నేహితుడి కూతురి సీమంతానికి వెళ్ళి, మళ్ళీ ఫ్లైఓవరు దాకా పోవడానికి బద్ధకమేసి ఇంటి ముందు వదిలేశాడు. తెల్లారేసరికి నీళ్ళు సీట్ల దాకా వచ్చాయి.

"ఎవురు తెచ్చినారు దీన్ని ఈడికి?"

"నేనే వొదినా. ఆ మేంబాలం మీద దొంగలెక్కువ. ఇంటి ముందరుంటే సేఫ్ గదా అని."

"దొంగోడైతే అద్దం పగలగొట్టి పోతాడు. నువ్వు కారునే ముంచినావు కదయ్యా!"

నీళ్ళు తగ్గగానే ఆమె చీర ఎగ్గట్టి, బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ ఊడదీసింది. "ఇంజన్లోకి నీళ్ళు పోయింటాయి. దామోదరం వచ్చి తీసేదాకా తాళం తిప్పితే లోపల ఇరిగిపోతాది. విన్నావా?"

"నాకు తెలీదా? నేనేమన్నా చిన్నపిల్లోడినా?" అన్నాడు మరిది.

టోయింగ్ బండ్లవాళ్ళు ఫోనెత్తడం మానేశారు. సగం ఊరు మునిగితే వాళ్ళు మాత్రం ఎంతమందినని లాగుతారు! సోమవారం బడి తెరుస్తారు. ఆ రోజుకు కారు లేకపోతే పిల్లలు పక్క వీధి ఆనందన్ వ్యాను ఎక్కుతారు, ఎక్కినవాళ్ళు దిగరు. అందుకే శుక్రవారం పొద్దున్నే పరిమళ బస్సెక్కి చింతాద్రిపేటకు వెళ్ళి మెకానిక్ దామోదరం ముందు నిలబడింది.

"తాళం తిప్పలేదు కదక్కా? అట్లయితే నీళ్ళు తీసి, ఆయిలు మార్చి, ఆరబెట్టి ఇస్తా. సోమవారానికి తోలుకోవచ్చు" అన్నాడతను. పాత జీపు, లావుపాటి తాడు తీసుకుని ఆమెతో బయల్దేరాడు.

వీధి మలుపు తిరగగానే పరిమళకు బానెట్ మీద పసుపు, కుంకుమ కనిపించాయి. కారు ముందు పగిలిన గుమ్మడికాయ ఉంది. పక్కన భక్తవత్సలం, తెల్ల పంచె, నుదుటి నిండా విభూతి, పెళ్ళిపెద్దలా నిలబడి ఉన్నాడు.

"దిష్టి తీసినాను వొదినా. కూసింత పూజ, అంతే."

పరిమళ వంగి చూసింది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు రెండూ చితికి ఉన్నాయి.

"పూజే చేసుంటే వీటినెవురు తొక్కినారు? నువ్వు ఎక్కి ఎగిరినావా?"

భక్తవత్సలం దామోదరం వైపు చూశాడు, అతను సాయం వస్తాడేమోనని. రాలేదు. "చక్రం కింద తొక్కించకుంటే దోషం ఆడే నిలిచిపోతాది గదా. తీగ తగిలించి, గేరేసి ఒక్క తిప్పు తిప్పినా. ముందుకు ఎగిరి, టక్కుమని నిలిచిపోయింది."

దామోదరం బానెట్ ఎత్తాడు. స్పానరు పెట్టి ఇంజను తిప్పబోయాడు, అది కదల్లేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. "పట్టేసిందక్కా. రాడ్డు వంగింటాది. ఇంజను దించాల. సోమవారం మాట మర్చిపో."

తిట్లు వినడానికి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. పరిమళ వాళ్ళకు ఆ సరదా తీర్చలేదు. "తాడు కట్టు" అంది.

"స్టీరింగు కాడ ఒకరు కూర్చోవాలక్కా."

"ఇంట్లో మగోడున్నాడు గదా, ఆపదకు. ఆయన కూర్చుంటాడు."

మురుగునీళ్ళు పీల్చిన సీటు మీద ఆ తెల్ల పంచెతోనే కూర్చోవాల్సి వచ్చింది భక్తవత్సలానికి. "తాళం తీయొద్దు, స్టీరింగు లాకైపోతాది. ఇంజను లేదు, బ్రేకు మామూలుగా పట్టదు, ఒళ్ళంతా బరువేసి తొక్కు" అన్నాడు దామోదరం. పరిమళ చితికిన నిమ్మకాయలు రెండూ ఏరి, డ్యాష్‌బోర్డు మీద అతని కళ్ళకెదురుగా పెట్టి, జీపు ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. దారంతా రెప్ప వేయకుండా మరిదినే చూసింది.

స్టీరింగు రాయిలా ఉంది. సిగ్నలు దగ్గర బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు భక్తవత్సలం. మార్కెట్టు వీధిలో అతని టీకొట్టు స్నేహితులు గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చారు.

"ఏం భక్తా, కొత్త ఉద్యోగమా అప్పా?"

"వొదినకు డ్రైవరైనాడు రా!"

విభూతి చెమటకు కరిగి ముక్కు మీదికి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

చింతాద్రిపేటలో దిగేసరికి అతని పంచె వెనకంతా బురదైంది. అలవాటు కొద్దీ తాళంచెవి తీసి మొలకు దోపుకోబోయాడు. పరిమళ చెయ్యి చాపింది.

"వొదినా, ఆపదకని అమ్మ..."

"ఆపదే నువ్వైనావు గదయ్యా. ఇంక ఇదెందుకు? ఇయ్యి."

ఇచ్చాడు. అక్కడే కాళ్ళు మార్చి మార్చి నిలబడి, "మరి నేను ఇంటికెట్లా పోయేది?" అన్నాడు.

"బస్సుంది. సీటు మీద కూర్చోవాకు, ఆ పంచెతో కూర్చుంటే కండక్టరు దించేస్తాడు."

అతను బస్టాపు వైపు తిరిగాడు. పరిమళ ఫోను తీసి పిల్లల తల్లులకు ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది, మలుపు దాకా వినిపించే గొంతుతో.

"పరిమళ మాట్లాడతా ఉండా. సోమవారం కారు రాదు. ఎందుకా? మా మరిది నిమ్మకాయ తొక్కించినాడు. అవును, తాళం తిప్పొద్దన్నాక తిప్పినాడు. ఆయనే, భక్తవత్సలం. అంతదాకా ఆనందన్ వ్యాన్లో పంపించండి. నా కారు లేచినాక మాత్రం పిల్లోళ్ళు నా కారే ఎక్కాల, చెప్పేసినా."

మలుపు దగ్గర పంచె కనబడకుండా పోయాక కూడా ఆమె గొంతు తగ్గించలేదు. ఇంకా నలుగురికి చెప్పాల్సి ఉంది.